గట్టి సరుకు

వేలి కణుపుతో కొట్టి చూడనిదే ఎల్లప్ప ఏ వస్తువూ కొనడు. కుండైనా అంతే, తలుపైనా అంతే, పుచ్చకాయైనా అంతే. ముప్పై ఏళ్లుగా కార్వాన్‌లో మంచాలకూ బీరువాలకూ పాలిష్ పెడుతున్న చెయ్యి అది. కణుపు తగలగానే లోపల పుచ్చు ఉందో, పగులు ఉందో, ఎవడైనా మైనం కూరి కప్పెట్టాడో చెప్పేస్తుంది. "చెవితోని కొనేటోడు మునుగుతడు, చేత్తోని కొనేటోడు బతుకుతడు" అని ఆయన మాట. ఆ మాట విని విని భార్య మహేశ్వరి ఇప్పుడు వినడం మానేసింది.

అట్లాంటి మనిషి చెవికి ఆ గురువారం పొద్దున జుమ్మెరాత్ బజార్‌లో, పాత సామాన్ల సంత నడి మధ్యన కూతురు రూప ఫోను ఆనించింది.

"బాపు, ఒక్కసారి విను. వీణ మేడం మాట్లాడ్తది."

వీణ విశాఖ ఒడ్డున సర్ఫింగ్ నేర్పే మనిషి. అంటే అలల మీద పలక వేసుకుని నిలబడే విద్య. రూప మునిసిపాలిటీ ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పుతుంది. పోయిన చలికాలం ఈత పోటీల్లో ఆమెను చూసి, "నువ్వు కొలనులో ఉండాల్సిన పిల్లవి కాదమ్మా" అంది వీణ. రెండు నెలల శిక్షణ. గట్టెక్కితే ఒడ్డున మునిగేవాళ్లను కాపాడే ఉద్యోగం. వీణ క్లబ్బులో ఆ పలకలు, అంటే బోర్డులు, తక్కువ, వచ్చేవాళ్లు ఎక్కువ. అందుకని సొంత బోర్డు తెచ్చుకున్నవాళ్లకే చోటు. వచ్చే వారం శుక్రవారం రైలు.

"అంకుల్, నమస్తే అండీ," అంది ఫోను. "అమ్మాయికి ఎనిమిది అడుగుల బోర్డు కావాలండి. పైన మెత్తగా ఫోమ్ ఉండాలి. లావుగా, వెడల్పుగా ఉండాలి. అందంగా లేకపోయినా పర్లేదు. పొట్టిదీ గట్టిదీ తెస్తే మాత్రం నేను నీళ్లలోకి దిగనివ్వనండి. ఒడ్డున కూర్చోవాల్సిందే."

ఎల్లప్ప ఫోను తిరిగి ఇచ్చేశాడు. ముక్కుపుటాలు ఒకసారి పెద్దవయ్యాయి.

"ముప్పై ఏండ్ల సంది పలకలు చూస్తున్న. ఎన్నడు మొకం చూడనామె నాకు ఫోన్ల నేర్పుతదా?"

"బాపు, ఇది మంచం పలక కాదు."

"పలకంటే పలకే. నడువు."

మొయిజ్ భాయ్ నేల మీద పట్టా పరిచి పాత గీజర్లు, ఫ్యాన్లు, చక్రం లేని వ్యాయామం సైకిళ్లు పేర్చుకుని కూర్చున్నాడు. ఊరి బయట నీళ్ల ఆటల పార్కు ఒకటి మూతపడితే దాని సామాను వేలంలో ఎత్తుకొచ్చాడు. అందులో రెండు బోర్డులు ఉన్నాయి. ఒకటి నీలంది, పొడుగు. ఎండకు వెలిసి, అంచులు ఎలుకలు కొరికినట్టు అయి, బడిలో పిల్లలు దొర్లే చాపలా ఉంది. రెండోది తెల్లది, పొట్టి. ముక్కు సూదిగా, అంచు కత్తిలా, నడుమ సన్నటి ఎర్ర గీత.

ఎల్లప్ప నీలందాన్ని కణుపుతో కొట్టాడు. చప్పుడు లేదు. మళ్లీ కొట్టాడు. దూది బస్తాను కొట్టినట్టే. బొటనవేలితో నొక్కితే సొట్టపడి మెల్లగా పైకి లేచింది.

"మూగది," అన్నాడు. "టీవీ డబ్బల పెట్టే థర్మాకోల్‌కు ఇది పెద్దన్న."

తెల్లదాన్ని కొట్టాడు. టంగుమంది. తిరగేసి, అడుగున అరచేయి ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించాడు. ఎక్కడా ఎత్తు లేదు, పల్లం లేదు. ఎవడు చేశాడో గానీ పని తెలిసినవాడు చేశాడు. ఎల్లప్ప మనసు దాని మీదికి జారిపోయింది.

రూప అప్పటికే నీలందాని పక్కన నిలబడి చెయ్యి పైకెత్తి కొలుచుకుంటోంది. చెయ్యి కన్నా బోర్డు ఇంకో జానెడు పైకి ఉంది. "గిదే బాపు. సరిగ్గ ఎనిమిది అడుగులు. లావుంది, తేలుతది. మీద పడ్డా దెబ్బ తాకది."

"పడుడు గురించి ఆలోచిస్తవేంది? నిలవడుడు గురించి ఆలోచించు."

"మొదలు పడకుంట ఎవ్వలు నిలవడతరు?"

మొయిజ్ భాయ్ పాన్ నములుతూ తండ్రినీ కూతురునీ మార్చి మార్చి చూశాడు. "దోనోఁ దేఖ్ లో భాయ్, రెండూ చూస్కో. నేనేం చెప్ప. మాల్ నీది, నజర్ నీది."

ఆ బజార్‌లో బిల్లు ఉండదు, గ్యారంటీ ఉండదు. ఉండేది జబాన్ ఒక్కటే. బేరం కుదిరాక ఇద్దరూ చేతిలో చెయ్యేసి జబాన్ అంటే అయిపోయినట్టే. ఇల్లు కాలినా ఇచ్చిన మాట వెనక్కు పోదు. ముప్పై ఏళ్లలో ఎల్లప్ప ఒక్కసారి కూడా జబాన్ తప్పలేదు. ఆ సంగతి ఆ వరసలో ప్రతి పట్టా మీద కూర్చున్నవాడికీ తెలుసు.

"తెల్లది," అన్నాడు ఎల్లప్ప, చెయ్యి చాచి. "జబాన్."

"జబాన్," అన్నాడు మొయిజ్ భాయ్.

"బాపూ!" రూప గొంతుకు పక్క పట్టాలవాళ్లు తలలు తిప్పారు. "పైసలు నా జీతంవి. కాళ్లు నాయి. నువ్వెట్ల జబాన్ ఇస్తవ్?"

"నోర్ముయ్. పదిమందిల అయ్య మాట తీసేస్తవా?"

రూప పర్సు తెరిచింది. దాచుకున్న డబ్బంతా మొయిజ్ భాయ్ ముందు పట్టా మీద పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా నడిచిపోయింది. ఎల్లప్ప ఒక్కడే తెల్ల బోర్డు భుజాన వేసుకుని ఇంటి దారి పట్టాడు. గల్లీ మలుపులో వడ్రంగి రామలింగయ్య రంపం ఆపి అడిగాడు.

"ఏందన్నా, కార్వాన్‌ల సముద్రం ఏడ పుట్టింది?"

"నీ నోట్ల పుట్టింది. మూస్కో."

ఇంట్లో వెలుతురుకు పెట్టి చూస్తే బోర్డు పైభాగమంతా పొక్కులు పొక్కులుగా మైనం. దానిలో ఇసుక, వెంట్రుకలు. ఎల్లప్ప ఒళ్లు మండింది. ఆయనకు లోకంలో మైనం అంటే పడదు. పుచ్చిన టేకును కొత్త టేకని అమ్మేవాళ్లు ముందు చేసే పని మైనం కూరడమే. ఎన్ని మంచాల కాళ్లలో, ఎన్ని తలుపు చెక్కల్లో ఆ దొంగ పని పట్టుకున్నాడో లెక్క లేదు.

"ఏ నాయాలు పూసిండో దీనికి!" అని బ్లేడు తీసుకుని గీకాడు. కిరసనాయిలు పోసి తోమాడు. ఎక్కడ పగులు దాచారో అని వెతికాడు. పగులు లేదు. అయినా కోపం తగ్గలేదు. గుడ్డలో దూది చుట్టి, లక్క పాలిష్‌లో ముంచి, గుండ్రంగా గుండ్రంగా తిప్పుతూ పొర మీద పొర ఎక్కించాడు. రెండు రోజులు షాపు పని పక్కన పెట్టి ఇదే పని. శనివారం పొద్దుగూకే వేళకు అందులో ఇంటి దూలాలు కనిపించాయి.

మహేశ్వరి చీపురు పట్టుకుని నిలబడి చూసింది. "మెరుపు మంచిగనే ఉంది. కాళ్లతోని తొక్కేటి దానికి గింత మెరుపెందుకయ్యా? మొన్న కడిగిన బండల మీదనే జారి పడ్తిని."

"నీకేం ఎరుక?"

"నాకేం ఎరుక లేదు. అందుకే అడుగుతున్న."

రూప పని నుంచి వచ్చింది. గురువారం నుంచి తండ్రితో మాట లేదు. బోర్డు మీద వేలు పెట్టి లాగింది. వేలు సర్రుమని జారింది.

"మైనం ఏది?"

"గీకేసిన. దొంగ పని."

రూప కళ్లు మూసుకుని తెరిచింది. "బాపు, కాళ్లు జారకుండ పూస్తరు అది. గట్టి బోర్డుకు మైనం లేకుంటే సబ్బు బిళ్ల మీద నిలవడ్డట్టే."

"గా ఫోను మేడం చెప్పిందా?"

"నువ్వు చేత్తోనే కొంటవ్ గద. రేపు పొద్దుగాల కొలను కాడికి రా. నీ కండ్లతోని చూడు."

ఆదివారం పిల్లలు రాకముందే ఇద్దరూ కొలను దగ్గర ఉన్నారు. కాపలా మనిషి బీడీ కాలుస్తూ మెట్ల మీద కూర్చున్నాడు. రూప బోర్డు నీళ్లలో వేసి దాని మీద బోర్లా పడుకుంది. బోర్డు తేలలేదు. జానెడు లోతుకు దిగి, రూప ఛాతీ కింద నీళ్లలో ఎటో పారిపోవాలని చూసింది. చేతులతో ఎంత నీళ్లు లాగినా ముందుకు కదలదు. ఎనిమిదేళ్ల పిల్లలకు తేలడం నేర్పే మనిషి ఆ పలక మీద కొట్టుకుంటుంటే ఎల్లప్ప ఒడ్డు అంచు దాకా వచ్చాడు.

"మోకాళ్ల మీద లెవ్వు!" అని అరిచాడు.

రూప లేచింది. రెండు మోకాళ్లూ ఒక్కసారే జారాయి. బోర్డు గిరుక్కున తిరిగింది. కత్తిలాంటి అంచు వచ్చి పెదవి కింద గదవకు తగిలింది.

నీళ్లలో ఎర్రటి చార. కాపలా మనిషి నవ్వబోయి, బీడీ పారేసి పరుగెత్తుకొచ్చాడు. రూప తనే ఈదుకుంటూ ఒడ్డుకు వచ్చి గదవ పట్టుకుని నిలబడింది. వేళ్ల సందుల్లోంచి రక్తం.

"చూసినవా? మంచిగ చూసినవా బాపు?"

"గా మొయిజ్ గాడు!" ఎల్లప్ప పిడికిళ్లు బిగిశాయి. "గలీజ్ సరుకు అంటగట్టిండు. వాని పట్టా పీకి..."

"మొయిజ్ భాయ్ ఏం చేసిండు? ఆయన రెండూ ముందల పెట్టిండు. ఏరుకున్నది ఎవ్వలు?"

ఎల్లప్ప పిడికిళ్లు విడిపోయాయి.

"మేడంకు ఫోన్ చేసి రానని చెప్త," అంది రూప. గొంతు వణకలేదు. అందుకే ఆయనకు భయం వేసింది. "నా జాగ ఇంకెవ్వలకన్న ఇస్తది. గా తెల్లదాన్ని నువ్వు ఇంట్ల గోడకు కొట్టుకో. అద్దం లెక్క మొకం చూస్కో."

గదవకు మూడు కుట్లు పడ్డాయి. ఆస్పత్రి నుంచి ఇంటి దాకా ఆటోలో తండ్రి ఒక పక్క, కూతురు ఒక పక్క. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత జాగా. దిగేటప్పుడు ఎల్లప్ప ఒక్క మాట అన్నాడు: "మేడంకు ఇప్పుడే చెప్పకు." రూప ఆటో దిగి లోపలికి పోయింది.

సోమవారం ఎల్లప్ప తెల్ల బోర్డు భుజాన వేసుకుని యాకుత్‌పురా బయలుదేరాడు. మొయిజ్ భాయ్ గోదాము అక్కడ రైల్వే స్టేషన్ వెనక గల్లీలో ఉంది. దారి పొడుగునా మొయిజ్‌ను తిట్టాల్సిన తిట్లు వరసగా పేర్చుకున్నాడు. గోదాము దగ్గరికి వచ్చేసరికి ఆ వరసలో ఏ తిట్టూ మొయిజ్ మీద నిలవలేదు. ప్రతిదీ తిరిగి తన మీదికే వచ్చింది. దాంతో కోపం ఇంకా ఎక్కువైంది.

"జబాన్ వాపస్ తీసుకుంటున్న," అన్నాడు గుమ్మంలోనే.

మొయిజ్ భాయ్ చేతిలో చాయ్ కప్పు ఆగిపోయింది. "క్యా?"

"ఇన్నవ్ గద."

"ఎల్లప్ప భాయ్ జబాన్ వాపస్?" మొయిజ్ లేచి నిలబడ్డాడు. "తీస్ సాల్ మే పహ్లీ బార్! ముప్పై ఏండ్లల మొదటిసారి! అరె సునో రే!" పక్క గోదాముల్లోంచి ముగ్గురు తలలు బయటపెట్టారు. ఎల్లప్ప చెవులు పొయ్యిలా అయ్యాయి. అయినా కదలలేదు. రూప గదవ సంగతి నాలుగు మాటల్లో చెప్పి, నీలంది ఇమ్మన్నాడు.

మొయిజ్ మొహంలో నవ్వు పోయింది. బోర్డు అందుకుని చూసి తల అడ్డంగా ఊపాడు. "బచ్చీకి గిట్ల కావద్దుండె. కానీ భాయ్, నీలంది నా తాన లేదు. నువ్వు పోయిన గంటకే లీలమ్మ తీస్కపోయింది. గుడిమల్కాపూర్‌ల పూలమ్ముతది. పూలు పోసుకోనీకె తీస్కున్నది. జబాన్ అయిపోయింది. నేను అడగలేను. ఇది మాత్రం నాకు నక్కో, వద్దే వద్దు. లక్క పూసి దీని షకల్ మార్చేసినవ్. ఎవడు కొంటడు?"

ఇంటికి వచ్చి, బోర్డు గోడకు ఆనించి, ఎల్లప్ప రూప ముందు నిలబడ్డాడు.

"రేపు పొద్దుగాల గుడిమల్కాపూర్ రావాలె. నీలంది ఆడుంది. నువ్వే చూడు."

"నువ్వు చూస్తవ్ గద," అంది రూప, తలెత్తకుండా.

"నువ్వే చూడు అన్న గద!" అని అరిచాడు. అరుపు ఎప్పటిలాగే ఉంది. చెప్పిన మాట మాత్రం ఆ ఇంట్లో అంతకుముందు పుట్టలేదు. మహేశ్వరి వంటింట్లోంచి తొంగిచూసి, మళ్లీ లోపలికి పోయింది.

మంగళవారం మార్కెట్‌లో బంతిపూల రాశులు నడుము ఎత్తు ఉన్నాయి. నేలంతా తడి. లీలమ్మ నీల బోర్డును రెండు ఇటుక దొంతుల మీద పెట్టి, దాని నిండా మల్లెమొగ్గలు పోసుకుని, ఒక చివర తనే ఎక్కి కూర్చుని మాల కడుతోంది. చుట్టూ ఇంకో నలుగురు ఆడవాళ్లు. ఎల్లప్ప తెల్ల బోర్డు దించి, వచ్చిన పని చెప్పాడు.

"ఇయ్య," అంది లీలమ్మ, దారం పళ్లతో కొరుకుతూ. "మొయిజ్ భాయ్‌తోని జబాన్ అయింది. కూసుంటే నడుము నొస్తలేదు. పో." అప్పుడు రూపను చూసింది. "బిడ్డా, గదవకు ఏమైంది?"

రూప గదవ మీద చెయ్యి పెట్టుకుంది. తండ్రి వైపు చూసింది.

పడ్డదని చెప్పడం తేలిక. ఆ మాట ఎల్లప్ప నాలుక చివరి దాకా వచ్చింది.

"నేనే చేసిన," అన్నాడు. "పిల్ల ఇదే కావాలన్నది. సముద్రం కాడి మేడం గూడ ఇదే అన్నది. నేను ఇనలె. నాకు తెల్వని దాంట్ల జబాన్ ఇచ్చిన. మైనం గీకిన, పాలిష్ పెట్టిన. అది జారి గదవ పగిలింది."

ఆడవాళ్ల చేతులు ఆగాయి. ఒకామె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "కాళ్లు పెట్టేటి దానికి పాలిష్ పెట్టిండంట!" అంది ఇంకొకామె.

"గింత వయసొచ్చింది, ఏం లాభం?" లీలమ్మ గొంతు నాలుగు దుకాణాలు దాటింది. "బిడ్డ చెప్తే ఇననోనివి, ఇంకెవ్వలు చెప్తే ఇంటవ్? గదవ గాబట్టి సరిపాయె. కన్ను పోతే ఏం చేద్దువు?"

ఎల్లప్ప పళ్లు బిగించాడు. కోపం గొంతు దాకా పొగలా వచ్చి నిలిచింది. ఎవరి మీద వదలాలో తెలియక దాన్ని మింగాడు. తిట్లన్నీ అయ్యేదాకా నిలబడ్డాడు.

అరిచి అరిచి అలసి లీలమ్మ తెల్ల బోర్డు వైపు చూసింది. "గిది ఇటు వెయ్యి." దోసెడు మల్లెమొగ్గలు దాని మీద పోసి, ఒక చివర ఎత్తింది. మొగ్గలన్నీ సర్రున జారి బుట్టలో పడ్డాయి. ఒక్కటి అంటుకోలేదు. నీళ్లు కూడా ముత్యాల్లా దొర్లిపోయాయి. "ఓయమ్మ! నీలంది పువ్వును పట్టుకుంటే ఇడుస్తలేదు. గిది నాకు పనికొస్తది." మళ్లీ గొంతు పెంచింది. "నీతోని కాదు, నీ బిడ్డతోని బేరం. బిడ్డా, మంచిగ చూస్కో. నచ్చితేనే తీస్కో."

రూప మొగ్గలన్నీ బుట్టలోకి తోసింది. నీలందాన్ని నేల మీద పెట్టి, అందరూ చూస్తుండగా దాని మీద బోర్లా పడుకుంది. కాలివేళ్లు చివరకు తగిలించుకుని, చేతులు రెండు పక్కలా వేసి నీళ్లు లాగినట్టు లాగింది. బంతిపూల బస్తాలు మోసేవాళ్లు ఆగి చూశారు. లేచి, అంచులు నొక్కింది. చివర కట్టిన కాలి తాడు గట్టిగా గుంజింది. చీలమండకు చుట్టే పట్టీ అంటుకుంటుందో లేదో రెండుసార్లు చూసింది. ఆమె ఇంత చూస్తుందని ఎల్లప్ప ఎన్నడూ అనుకోలేదు. ఎవరు నేర్పారని అడగబోయి ఆగాడు.

ఎల్లప్పకు అప్పటికే ఒకటి కనిపించింది. బోర్డు ఇటుకల మీద ఉన్నప్పుడే కింది నుంచి ఒకచోట నీటి బొట్టు ఆగి ఆగి రాలుతోంది. అంటే లోపలికి దారి ఉంది. చెప్పాలని నాలుక దురద పెట్టింది. రూప తిప్పేదాకా ఆగాడు. ముప్పై ఏళ్లలో అంత కష్టమైన పని చేయలేదు.

రూప తిప్పింది. అడుగున మూడు మెత్తటి రెక్కలు బాగానే ఉన్నాయి. వాటి పైన చింతగింజంత రంధ్రం.

"మేకు దిగింది బిడ్డా," అంది లీలమ్మ. "నేనెందుకు దాస్త?"

"బాపు," అంది రూప. గురువారం తర్వాత ఆ పిలుపులో ముల్లు లేకపోవడం అదే మొదటిసారి. "ఈడ రంధ్రమున్నది. నీళ్లు పట్టినయ్."

ఎల్లప్ప చెయ్యి దాని మీదికి పోయి మధ్యలో ఆగింది. రంధ్రం మూయడానికి ఆయనకు అయిదు దారులు తెలుసు. లక్క, రంపం పొట్టు కలిపిన జిగురు, ఇంకా మూడు. అయిదూ వరసగా నోటిదాకా వచ్చాయి.

"మేడంకు ఫోన్ చెయ్యి," అన్నాడు. "ఏం పెట్టాలెనో అడుగు. గట్టిగ పెట్టు. నేను గూడ ఇంట."

పూల వేలం పాటల మధ్య వీణ గొంతు వినిపించింది. "ముందు నీళ్లన్నీ దిగిపోవాలండి. రంధ్రం కిందికి పెట్టి రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టండి. తర్వాత నీళ్ల పైపులకు వాడే సిలికాన్ పెడితే చాలు. లక్క, స్పిరిటు లాంటివి మాత్రం తగలనివ్వకండి అంకుల్. ఫోమ్ కరిగిపోద్ది."

మొదటి దారే ఆ బోర్డును తినేసేది. ఎల్లప్ప నుదురు తుడుచుకున్నాడు. "సరే మేడం," అన్నాడు. లీలమ్మ రూప చేతిలో చెయ్యేసి "జబాన్" అంది. రూప కూడా అంది.

తండ్రీ కూతురూ చెరో చివర పట్టుకుని ఇంటికి నడిచారు. ముందు రూప, వెనక ఎల్లప్ప. "మీదికి పట్టు బాపు, నేలకు రాస్తున్నది" అంటే మీదికి పట్టాడు. రూపకు కుట్లు సలుపుతున్నట్టున్నాయి, ఒక చేత్తో గదవ పట్టుకుని నడిచింది. అరిచినందుకో, మైనానికో, జబాన్‌కో, దేనికీ ఆమె సరేలే అనలేదు. ఆయనా అడగలేదు.

గురువారం సాయంత్రం దాకా బోర్డు వసారా నీడలో, రంధ్రం కిందికి, రెండు కుర్చీల మీద ఉంది. ఎల్లప్ప పాలిష్ డబ్బాలు తీసుకుపోయి షాపులో పెట్టొచ్చాడు. గంటకోసారి వచ్చి నిలబడేవాడు. వేలి కణుపు దానంతట అదే ముడుచుకునేది. మళ్లీ విప్పేవాడు. "ఎండిందా?" అని రూపను అడిగేవాడు. రూప దూదితో అద్ది చూసి "ఇంక లేదు" అంటే పోయి కూర్చునేవాడు. దీపాలు పెట్టే వేళకు "ఎండింది" అంది. సిలికాన్ తనే పెట్టింది. ఆయన దీపం పట్టుకున్నాడు.

శుక్రవారం పొద్దున బోర్డుకు పాత దుప్పటి చుడుతుండగా గల్లీలోంచి రామలింగయ్య వచ్చాడు. మధ్యలో దూరి, వడ్రంగి కదా, కణుపుతో టకటకా కొట్టాడు.

"ఏందన్నా, చప్పుడే లేదు? మూగ సరుకు అంటగట్టిన్రు నీకు. ఎవ్వలు కొన్నరు దీన్ని?"

"చెయ్యి తియ్!" ఎల్లప్ప అరుపుకు గల్లీ చివర కుక్క లేచి నిలబడింది. "నా బిడ్డ కొన్నది! తెల్వని దాన్ని కొట్టి చూసుడేంది? హౌలే గానివా? కొడితే ఎరుకయ్యేది కాదు అది. తియ్ చెయ్యి!"

రామలింగయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

రూప పకపకా నవ్వింది. నవ్వితే కుట్లు లాగాయి. రెండు చేతులతో గదవ పట్టుకుని, "నవ్విపియ్యకు బాపు, నొస్తది" అంది.

"నేనేం నవ్విపిస్తలేను," అన్నాడు ఎల్లప్ప, ఇంకా కోపంగానే. "పట్టు ఆ చివర. రైలుకు టైమైతున్నది."